వాగు అవతల ఆరిన సోలారు లైటు

సుమారు పదేళ్ళ కిందట, ఒక నవంబరు నెలలో, నన్ను తుఫాను విధుల మీద ఉదయగిరి మండలానికి పంపారు. అప్పుడు నేను ఆత్మకూరులో పశుసంవర్ధక శాఖ సహాయ సంచాలకురాలిని. డివిజనులోని పశువైద్యుల పని చూసుకోవడం, టీకా మందులు సకాలంలో చేరేలా చూడటం నా ఉద్యోగం. కానీ తుఫాను హెచ్చరిక వస్తే శాఖల తేడా ఉండదు. ఒక్కో గెజిటెడ్ అధికారికి ఒక్కో ఊరు అప్పగిస్తారు. ప్రత్యేకాధికారి అంటారు. గాలీవానా తగ్గేవరకూ ఆ ఊళ్ళోనే ఉండి, జనాన్ని గట్టి కప్పు కిందికి చేర్చి, ఎవరూ వాగుల్లోకి దిగకుండా చూడాలి.

నాకు అప్పగించింది ఉదయగిరి కొండకు పడమటగా, వాగు ఒడ్డున ఉన్న చిన్న పల్లె. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉదయగిరి పశువుల ఆసుపత్రిలోనే డాక్టరుగా పనిచేశాను కాబట్టి ఆ దారులు నాకు తెలుసు. దుర్గం కింద చెక్క గరిటెలు చెక్కే ఇళ్ళు, ఎర్రమట్టి చేలు, తడిసిన గొర్రెల వాసన. జీపులో వెళుతుంటే వయసు వెనక్కి పోయినట్టు అనిపించింది. మా ఆఫీసు అటెండరు మస్తాన్ వెనక సీట్లో తాళ్ళు, మందుల పెట్టె, నాలుగు సోలారు లాంతర్లు పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ లాంతర్ల గురించి కొంచెం చెప్పాలి. చేత్తో పట్టుకుపోయే రకం. నెత్తిన అరచేయంత పలక ఉంటుంది. పగలంతా ఎండలో పెడితే లోపలి బ్యాటరీ నిండుతుంది. మీట నొక్కితే ఒకసారి మసక వెలుగు, రెండోసారి మధ్యరకం, మూడోసారి పూర్తి వెలుగు. మసకగా వాడుకుంటే రెండు మూడు రాత్రులు వస్తుంది. పూర్తిగా వెలిగిస్తే ఒక్క రాత్రికి కూడా చాలదు. ఆ ముందు ఏడాదే మా శాఖ గొర్రెల పెంపకందారుల సంఘాలకు ఇలాంటివే పంచింది. మందతో కొండ వాలున పడుకునేవాళ్ళకు కరెంటు ఎక్కడిది? కిరోసిన్ దొరకడం తగ్గింది. నక్కల్ని బెదరగొట్టడానికీ పాముల్ని కనిపెట్టడానికీ ఆ వెలుగు పనికొచ్చేది. వాళ్ళు దాన్ని లైటనే అనేవారు.

మేము చేరిన సాయంత్రానికే స్తంభాలు ఒరిగి కరెంటు పోయింది. మర్నాటికి సెల్‌ఫోన్లు మూగపోయాయి. పల్లెలో గట్టి కప్పు చర్చికే ఉంది. పాతకాలపు రాతి గోడలు, ఎత్తయిన అరుగు. దాని పెద్ద ఏసురత్నం గారు, రిటైరైన బడిపంతులు. ఆయన బెంచీలన్నీ ఒక పక్కకు జరిపించి, ఎవరి మతం ఏమిటని చూడకుండా పూరిళ్ళ వాళ్ళందరికీ చోటిచ్చారు. మా లాంతర్లు నాలుగూ అక్కడే పెట్టాం. ఒకటి ఆ జనంలో ఉన్న ఒక బాలింత దగ్గర, ఒకటి వంట దగ్గర, ఒకటి గుమ్మంలో. నాలుగోది విడిగా దాచాం. అన్నీ మసక వెలుగులోనే. ఎండ లేనిదే అవి నిండవు. తుఫానంటేనే ఎండ లేకపోవడం. ఆ సంగతి నేను వచ్చిన వెంటనే అందరికీ చెప్పాను. ఒక ముసలాయన ఆ మసక వెలుగులో గరిటె చెక్కుతుంటే, కళ్ళు పోతాయని ఏసురత్నం గారు కోప్పడటం గుర్తు.

ఆ జనంలో కొండమ్మ ఒకతె. యాభై దాటిన మనిషి. ఆమె భర్త వెంకటయ్య మందతో వాగు అవతల కొండ వాలున చిక్కుకుపోయాడు. మేఘం చూసి మందను ఇవతలికి తోలుకొద్దామనుకునేలోపే వాగు పొంగింది. ఆయన దగ్గర మేమిచ్చిన సోలారు లైటు ఒకటి ఉంది. పొద్దుగూకగానే కొండమ్మ గోనెపట్టా కప్పుకుని చర్చి అరుగు చివరికి వచ్చి నిలబడేది. వాన తెరల మధ్య అవతల ఒక చిన్న తెల్లటి చుక్క కనిపించేది. అది చూశాక లోపలికొచ్చి అన్నం తినేది.

రెండు సాయంత్రాలు ఆ చుక్క కనిపించింది. మూడోనాడు కనిపించలేదు.

వాన సన్నబడిన కొద్దీ అవతలి గట్టు నల్లగా తెలుస్తోంది, వెలుగు మాత్రం లేదు. బ్యాటరీ అయిపోయి ఉంటుందని నేనన్నాను. అది నిజమయ్యే అవకాశమే ఎక్కువ. కానీ కొండమ్మ నా మాట వినలేదు. చీర గోచీ బిగించి మా తాడు చేతిలోకి తీసుకుంది.

"బ్యాటరీ కాదు డాక్టరమ్మా. నిన్న బాగా వెలిగినాది. మనిషికే ఏందో అయ్యుండాది."

"నీళ్ళు చూశావా? దిగితే నిలబడగలవా?"

"నేను దిగకపోతే ఎవరు దిగతారు? మీరు దిగతారా?"

ఆమె కోపంతో అనలేదు, నిజంగానే అడిగింది. వాగులోకి ఎవరినీ దిగనివ్వకూడదన్నది నాకిచ్చిన ఉత్తరువు, ఆ నీళ్ళలోకి దిగితే ఆమె తిరిగి రాదన్నది కళ్ళకు కనపడుతున్న సంగతి. మస్తాన్‌కు కనుసైగ చేస్తే అతను వెళ్ళి తాడు రెండో కొస పట్టుకున్నాడు. "అక్కా, తెల్లారనియ్యి, నేనూ వస్తాను," అన్నాడు. ఆమె తాడు వదలలేదు, ముందుకూ కదలలేదు.

అప్పుడు నాకు తోచింది ఒక్కటే. అవతలివాడు కనపడకపోతే మనమే కనపడాలి. చర్చి గంట వేలాడే స్తంభం పల్లె మొత్తంలో ఎత్తయినది. దాచిన నాలుగో లాంతరును పూర్తి వెలుగులో దాని మీద కట్టి, గుడ్డతో కప్పుతూ తీస్తూ ఉంటే వెంకటయ్య చూస్తాడు, ఏదో ఒక రకంగా జవాబిస్తాడు. ఏసురత్నం గారికి ఈ మాట చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. లోపలి మూడు లాంతర్లూ అప్పటికే నీరసించాయి. బాలింతకు ఒళ్ళు కాలుతోంది. నాలుగోదాన్ని ఆరుబయట తగలేస్తే ఆమెకు ఏ అవసరమొచ్చినా చీకట్లో తడుముకోవాలి. ఆయన అన్నది న్యాయమే. నేను పైఅధికారిలా ఆజ్ఞ వేసి ఉండవచ్చు, కానీ ఆ కప్పు ఆయనది. నిర్ణయం ఆయనకే వదిలేశాను.

ఆయన కొండమ్మ చేతిలోని తాడు వైపు చూశారు. తర్వాత వంట దగ్గరి లాంతరు ఆర్పించి బాలింత దగ్గర పెట్టించారు.

"చీకట్లో ప్రార్థన చేసుకోవడం మాకు కొత్త కాదులేమ్మా. కట్టించండి," అన్నారు.

మస్తాన్ స్తంభం ఎక్కి కట్టాడు. తువ్వాలుతో కప్పుతూ తీస్తూ చేతులు నొప్పి పుట్టేదాకా ఊపాడు. అవతల నుంచి ఏ జవాబూ లేదు. లాంతరు పసుపు రంగుకు తిరిగి, ఆరిపోయింది. కొండమ్మ అరుగు మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడుకున్నామో గుర్తు లేదు. ఆమె చేతిలో తాడు అలాగే ఉంది.

మర్నాడు వాన ఆగింది. మధ్యాహ్నానికి వాగు మోకాలి లోతుకు దిగింది. మేం తాడు కట్టుకుంటుండగానే అవతలి గట్టు మీద గొంగడి కప్పుకున్న మనిషి కనిపించాడు. నడక వెంకటయ్యదే. గొంగట్లో ఏదో కదులుతోంది. కొండమ్మ మా కోసం ఆగకుండా నీళ్ళలోకి దిగింది. మేం వెనకే దిగాం.

దగ్గరికి పోయేసరికి ఆయన రెండు కవల గొర్రెపిల్లల్ని గొంగట్లోంచి తీస్తున్నాడు.

"లైటు ఏంది ఆర్పినావు?" అంది కొండమ్మ.

"ఆర్పలేదే. బండ కిందికి తీసుకపోయినాను. తొలిచూలు గొర్రె నిన్న ఈనలేక పడిపోయినాది. పిల్ల అడ్డం తిరిగినాది. వెలుగు లేకుండా చెయ్యి యాడ పెట్టేది? ఉన్న కాస్త చార్జీ దానికే ఉంచినాను."

"మేం గంట స్తంభం మీద లైటు కట్టి ఊపినాం. చూడలేదా?"

"చూసినా. మీరంతా బాగుండారు, భయపడాల్సిన పని లేదు అని సైగ చేస్తుండారు అనుకున్నా. నెమ్మదిగా నా పని నేను చూసుకున్నా."

కొండమ్మ ఆయన భుజానికి వేలాడుతున్న లైటు లాక్కుని, ఒడ్డు రాయి మీద కూలబడి ఏడ్చింది. ఆయనకు ఎందుకో అర్థం కాలేదు. "ఏందిమే, పిల్లలు బతికినాయి గదా," అంటూ నా వైపు చూశాడు. నేను ఆ గొర్రె ఎక్కడుందని అడిగాను. బండ కిందికి పోయి చూస్తే, మాయ పడక నీరసంగా ఉంది. మందు వేసి, సూది ఇచ్చాను. అది బతికింది. మందలో చలికి పోయినవి కొన్ని ఉన్నాయి, వాటిని గోతిలో పూడ్పించాను. చర్చిలోని బాలింతను ఆ సాయంత్రమే ఉదయగిరి ఆసుపత్రికి చేర్చాం. ఆమెకూ తగ్గింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా డివిజనులో ప్రతి వానాకాలం ముందూ గొర్రెల కాపరులకు సోలారు లైట్ల వాడకం స్వయంగా చెప్పేదాన్ని. మబ్బు పట్టకముందే నింపి పెట్టుకోవాలి. మసకగా వాడాలి. మందకు ఒకటి, మనిషికి ఒకటి, రెండు ఉంచుకోవాలి. సంఘాల్లో కాపరికి రెండేసి ఇప్పించడానికి నేను రాసిన ప్రతిపాదన రెండేళ్ళకు ఆమోదం పొందింది. ఇవన్నీ చెప్పడానికి పెద్దగా సమయం పట్టేది కాదు. వెలిగితే ఇంట్లోవాళ్ళు ఏమని అనుకోవాలి, వెలగకపోతే ఏమని అనుకోవాలి, ఇవతల నుంచి ఊపితే అవతలివాడు ఏం చెయ్యాలి అన్నది భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి ముందే తేల్చుకునేలా చెయ్యాలి. అసలు సమయమంతా అక్కడే పట్టేది. దాన్ని ఏ ఏడాదీ వదిలిపెట్టలేదు.