మా నాన్నకు మోగని గంట

నేను ఏడో తరగతిలో బడి మానేస్తే దిగులుపడింది మధ్యాహ్న భోజనం వంటావిడ ఒక్కతే. రోజూ అంతన్నం మిగిలిపోతే ఏం చెయ్యాలా అని. తర్వాత నాకు వెల్డింగు పని అబ్బింది. తుఫానుకి దెబ్బతిన్న చర్చిలు బాగుచెయ్యడానికి రాజమండ్రి నుంచి మా సంఘం వాళ్ళు బయలుదేరినప్పుడల్లా వాళ్ళు పాటల పుస్తకాలు సర్దుకుంటారు, నేను వెల్డింగు మిషను వ్యానెక్కిస్తాను.

ఈసారి వెళ్ళేది సముద్రం పక్కనున్న మా సొంతూరికే అని తెలియగానే అందరికంటే ముందు వ్యానెక్కి కూర్చున్నాను. సేవ మీద ఉబలాటం అనుకున్నారు. కాదు, పగ.

మా ఊళ్ళో ఆదివారం చర్చి గంట గబగబా మోగుతుంది. సంఘంలో మనిషి పోతే ఒక్కో దెబ్బ, ఎడం ఎడంగా. అది వినగానే పొలాల్లోంచి జనం వచ్చేస్తారు. మా నాన్న పోయినప్పుడు అది మోగలేదు. ఆఖరి రోజుల్లో ఆయన వేరే సంఘం వాళ్ళ పాకలో ప్రార్థనకి వెళ్ళాడని ఊరి సంఘ పెద్ద గంట తాడు ముట్టుకోనివ్వలేదు.

“గుడి వదిలేసినోడికి గుడి గంటెందుకురా?” అన్నాడు.

కోతలో ఉన్న మా బాబాయికి కబురందేసరికి మట్టి చేసేశాం. అన్న ముఖం చూడలేదని ఆయన ఇప్పటికీ ఏడుస్తాడు.

మేం వెళ్ళేసరికి కొబ్బరిచెట్టు పడి గంట స్తంభం వంగిపోయి ఉంది. సంఘ పెద్ద తుఫాను నుంచీ జ్వరంతో మూలుగుతున్నాడట. అయినా దుప్పటి కప్పుకొచ్చి అజమాయిషీ మొదలెట్టాడు.

“ఏరా, పాకవాళ్ళ అబ్బాయివి కదూ? అతుకు గట్టిగా వెయ్యి. మీ నాన్న భక్తిలాగా మధ్యలో ఊడిపోకూడదు.”

“ఊడదండి. మీ అంత మొండిగా వేస్తానండి.”

మధ్యాహ్నానికి స్తంభం నిలబడింది. “ఓసారి కొట్టి చూడు. ఊరి చివరికి వినబడాలి,” అని చెప్పి జావ తాగడానికి ఇంటికి పోయాడు.

కొట్టాను. ఒక దెబ్బ. ఆగాను. నాన్నని తలుచుకుని ఇంకోటి. మా పాస్టరు గారు “చాలు, చాలు” అని చేతులూపుతున్నారు. నాకు చాలలేదు.

జనం పరుగెత్తుకొచ్చారు. ఎవరు పోయారని ఒక్కరూ అడగలేదు. మంచం పట్టిన మనిషి ఊళ్ళో ఒక్కడే కదా. తిన్నగా సంఘ పెద్ద ఇంటికి పోయి గుమ్మంలో ఘొల్లుమన్నారు. ఒకడు పార కూడా భుజానేసుకొచ్చాడు. పెద్దాయన జావ గ్లాసుతో బయటికొచ్చి, తన కోసం ఏడుస్తున్నవాళ్ళని చూస్తూ అలాగే నిలబడిపోయాడు. నేను నవ్వు ఆపుకోలేదు. ఆపుకోవాలని అనిపించనూ లేదు.

సామాను వ్యానులో పెడుతుంటే ఆయన భార్య వచ్చింది. తిడుతుందని నాలుగు జవాబులు సిద్ధం చేసుకున్నాను.

“నువ్వు కొట్టింది మీ నాన్నకని నాకు తెలుసులే అబ్బాయ్. కానీ ఊరి ఏడుపంతా మా ఆయనకి అయిపోయింది. రేపు నిజంగా పోతే మళ్ళీ ఎవడొస్తాడు? ఫోన్ చేస్తాను, మొయ్యడానికి నువ్వొచ్చేయ్.”