చిల్లు తువ్వాల

నా చిన్నప్పుడు మా నానమ్మ ఒక్కచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా ఇల్లు. రైలు కూత వినిపిస్తే చాలు, చుట్టాలెవరైనా దిగారేమోనని గుమ్మంలోకి పరుగెత్తేది. శుక్లాలు ముదిరి, వచ్చింది చుట్టమో పాలవాడో పోల్చుకోలేని రోజుల్లో కూడా ఆ తిరుగుడు మానలేదు.

ఒకనాడు పొయ్యి మీది గిన్నె పట్టుకోబోయి మంటలో చెయ్యి పెట్టింది. మర్నాడే తాతయ్య ఆమెను కంటి దవాఖానకు తీసుకువెళ్లాడు. నొప్పి తెలియకుండా మందు వేస్తాం, ముఖానికి బట్ట కప్పి ఆపరేషన్ చేసే కన్నొక్కటే బయటికి ఉంచుతాం, కదలకుండా పడుకోవాలి అని డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. నానమ్మకు అందులో ఒక్క మాటే చెవికెక్కింది.

"బతికున్న మనిషి మొఖం మీద బట్ట కప్పుతరా? నేను రాను," అంది.

నాన్న కోప్పడ్డాడు, చుట్టాలు నచ్చజెప్పారు. వినలేదు. ఆమె చూపు పూర్తిగా పోతుందేమోనని నాకు అన్నం సహించేది కాదు.

తాతయ్య మాత్రం ఆబిడ్స్‌లో కొత్త తువ్వాల కొనుక్కొచ్చి మధ్యలో చిల్లు కోశాడు. మిట్టమధ్యాహ్నం మంచం మీద వెల్లకిలా పడుకుని దాన్ని ముఖం మీద కప్పుకున్నాడు. నానమ్మకు తెల్లటి బట్ట మాత్రమే ఆనింది. పరుగున వచ్చి ముఖమంతా తడిమింది. చిల్లు దగ్గర ఆమె వేలి కింద తాతయ్య రెప్ప టపటపా కొట్టుకుంది.

"ఇయ్యాల ఏం కూర వండినవే?" అన్నాడు తువ్వాల కింద నుంచి.

నానమ్మ తిట్టని తిట్టు లేదు. తిట్టి తిట్టి, నవ్వేసింది. కాసేపటికి, "లోపల గాలాడుతదా?" అని మెల్లగా అడిగింది.

"ఆడుతది. దగ్గొస్తే నోటితోని చెప్పు, తల తిప్పకు. గంతే."

ఆ సాయంత్రం నుంచి తువ్వాల నానమ్మ ముఖం మీదికి మారింది. పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం నా పని. మొదట్లో ఊరికే కాళ్లు ఆడించేది, లేచి కూర్చునేది. రైలు కూసినా లేవకుండా పడుకున్న రోజున, ఇక ఫికర్ లేదన్నాడు తాతయ్య.

ఆపరేషనయ్యి, కట్టు విప్పి ఇంటికొచ్చాక నానమ్మ ముందుగా ఆ తువ్వాలనే చేతిలోకి తీసుకుని చూసింది. "మంచి తువ్వాలను గింత వంకరగ కోసినవా," అంది. తాతయ్య కళ్లు తుడుచుకోవడానికి దాన్నే అందుకున్నాడు.

రేపు నా కంటికి ఆపరేషన్. ఇప్పుడు అదే రోజు ఇంటికి పంపేస్తారట. చుక్కలు వేసుకున్నాను, బీపీ మాత్రల సంగతి డాక్టర్ని అడిగాను. అయినా పొద్దుటి నుంచి గదికీ వంటింటికీ తిరుగుతూనే ఉన్నాను. మా కోడలు విసుక్కుంది. తెలియని దానికి హడలిపోయేకన్నా ఒకసారి కప్పుకుని చూడడం మేలని ఆనాడు ఆ మంచం పక్కన నేర్చుకున్నది అప్పుడు గుర్తొచ్చింది. పాత తువ్వాలకు చిల్లు కోసి, కప్పుకుని పడుకున్నాను.

కోడలి అడుగులు గుమ్మంలో ఆగిపోయాయి. "అత్తమ్మా," అంటూ మంచం దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఏం లేదు బిడ్డా," అన్నాను. "ఇయ్యాల ఏం కూర వండినవ్?"