రాజుగారికి అందించిన మాట

ముప్ఫై ఏళ్ళ పాటు మా పెద్దమ్మ లేకుండా మా నాటకశాలలో నాటకం ఆడలేదు. అయినా ఆవిడను చూసిన ప్రేక్షకుడు ఒక్కడూ లేడు. పగలు ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. సాయంత్రం వేదిక అంచున, నేలలోకి తవ్విన చిన్న గూట్లో కూర్చుని, నటులు మరిచిపోయిన మాటలు అందించేది. గూటికి జనం వైపు చెక్క మూత, నటుల వైపు చిన్న కిటికీ. లోపల ఒక కుర్చీ, నాటకం పుస్తకం, మంచినీళ్ళ సీసా. అంతే.

ఆ గూటి పుణ్యాన పేరు తెచ్చుకున్నవాడు రాజుగారు. అసలు పని కలప వ్యాపారం. ఎప్పుడూ రాజు వేషమే వేస్తాడు కాబట్టి ఆ పేరు. ఆయనకు ఒక్క ముక్క కంఠతా వచ్చేది కాదు. పెద్దమ్మ గూట్లోంచి ఏది పలికితే దాన్ని గంభీరంగా పైకి అనేసేవాడు, అర్థంతో పని లేదు. ఓసారి ఆవిడ తెర లాగే అతనితో "ఆ ఫ్యాను కాస్త ఆపు" అని గొణిగితే, రాజుగారు కత్తి దూసి సేనాపతితో అదే అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. గొంతు అలాంటిది, ఒప్పుకుంటాను. మనిషి మాత్రం వట్టి దగుల్బాజీ.

పోయినేడాది వానలకు నాటకశాల పైకప్పు సగం కూలింది. వందేళ్ళు దాటిన కట్టడం. వచ్చే వానల్లోపు కప్పు వేయకపోతే మొత్తం పడగొడతామని మునిసిపాలిటీ వాళ్ళు తలుపుకి నోటీసు అంటించారు. ఊరంతా మీటింగు పెట్టుకుంటే రాజుగారు లేచి, దూలాలకీ వాసాలకీ కావలసిన కలప మొత్తం తనదే పూచీ అన్నాడు. ఆ భరోసా మీద జనం పెంకులకీ కూలీలకీ చందాలిచ్చారు. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులతోనే ఇల్లిల్లూ తిరిగి వసూలు చేసింది.

కలప దించాల్సిన రోజు లారీ రాలేదు. ఎక్కువ ధర పలికిందని రాజుగారు ఆ కలపని ఎవరో హోటల్ కట్టేవాళ్ళకి అమ్ముకున్నాడు. పైగా ఆ పాత కొంప ఎలాగూ నిలబడదని ప్రచారం మొదలుపెట్టాడు. చందాలిచ్చినవాళ్ళు వెనక్కి అడిగారు. పెద్దమ్మ మళ్ళీ అవే మెట్లెక్కి ఎవరిది వాళ్ళకి ఇచ్చి వచ్చింది. రెండో మీటింగులో ఆవిడ నిలదీస్తే, రాజుగారు అందరివైపూ తిరిగి, "గోతిలో కూర్చునే ఆవిడకి పైకప్పుతో ఏం పనండీ?" అన్నాడు. జనం నవ్వారు. నా ఒళ్ళు మండిపోయింది. పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది.

ఇంటికి వచ్చాక మాత్రం చెప్పులు విసిరికొట్టి, "ఆ కలప వాడి నోటితోనే కక్కిస్తానే," అంది.

నెల తిరక్కుండా, పైకప్పు నిధి కోసం ఒక నాటకం వేద్దామనీ, రాజు వేషం రాజుగారికే ఇద్దామనీ ఆవిడే ప్రతిపాదించింది. నేను మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. రాజుగారు ఎగిరి గంతేశాడు. ఆయన చేతిలోంచి పైసా రాలదు గానీ, దండ వేస్తామంటే ఎక్కడికైనా వస్తాడు.

కరెంటు తీసేశారు కాబట్టి ఆట మధ్యాహ్నం పెట్టారు. కూలిన వైపు తాడు కట్టి, మిగిలిన సగంలో కుర్చీలు వేశారు. హాలు కిటకిటలాడింది. నేను పక్క తెర వెనక నిలబడ్డాను. అక్కణ్ణుంచి గూడూ, రాజుగారి మొహమూ రెండూ కనిపిస్తాయి.

రెండో అంకంలో రాజు ప్రజలకు వరాలిచ్చే ఘట్టం. రాజుగారు ముందుకు వచ్చి, చేయెత్తి, "ప్రజలారా!" అని గూటివైపు చూశాడు. పెద్దమ్మ పుస్తకం మూసేసింది.

ఆయన మళ్ళీ "ప్రజలారా!" అన్నాడు. ముఖం మీది రంగులోంచి చెమట కారింది. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకాస్త ఉడకనిచ్చి, అప్పుడు పెద్దమ్మ ఎప్పటి మెత్తటి గొంతుతోనే అందించింది.

"ఈ నాటకశాల పైకప్పుకు..."

"ఈ నాటకశాల పైకప్పుకు," అని గర్జించాడు రాజుగారు, ఒడ్డు దొరికినవాడిలా.

"కలప మొత్తం నా డిపో నుంచి ఉచితంగా ఇస్తున్నాను. సోమవారం పొద్దున్నే లారీ వస్తుంది."

అదీ అనేశాడు. లారీ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళు పెద్దవయ్యాయి, కానీ మాట అప్పటికే నోరు దాటింది. హాలు దద్దరిల్లింది. ముందు వరుసలో మునిసిపల్ ఛైర్మన్ లేచి చేతులు జోడించాడు. విలేకరి రాసుకున్నాడు. రాజుగారు గూటివైపు చూసిన ఆ చూపు చూడటానికి నేను రోజూ టికెట్టు కొనమన్నా కొంటాను. పెద్దమ్మ పుస్తకం తెరిచి, తర్వాతి మాట అక్షరం తప్పు లేకుండా అందించింది.

సోమవారం లారీ వచ్చింది. చందాలు వెనక్కి తీసుకున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మళ్ళీ తెచ్చిచ్చారు. వానలకు వారం ముందు కప్పు పూర్తయింది, నోటీసు పోయింది. ఇక పెద్దమ్మ చల్లబడుతుందనుకున్నాను. ఆవిడ అంత తేలిగ్గా వదిలే రకం కాదని నాకు తెలియాల్సింది.

ప్రారంభోత్సవానికి మళ్ళీ అదే నాటకం అనుకున్నారు. రాజుగారు ప్రెస్సుకే వచ్చాడు. కలప ఇచ్చినవాణ్ణి కాబట్టి వేషం నాదేనన్నాడు, ఆ వెంటనే గొంతు తగ్గించి పాతవి మరిచిపోదాం అక్కయ్యా అన్నాడు. పెద్దమ్మ ఎర్ర కలం పక్కన పెట్టింది.

"వేషం మీదే, నిక్షేపంగా వెయ్యండి. నేను మాత్రం ఈసారి ముందు వరుసలో కూర్చుంటా. ముప్ఫై ఏళ్ళలో మీ నాటకం జనంలో కూర్చుని చూసిందే లేదు."

"మరి నాకు మాటలెవరు అందిస్తారు?"

"పుస్తకం ఇస్తాను, నేర్చుకోండి," అని చేతిలో పెట్టింది.

రెండు వారాల తర్వాత రాజుగారు తన గుమస్తా చేత పుస్తకం తిప్పి పంపాడు. పెద్దమ్మ విప్పి చూసింది. రాజు మాటల కింద మూడో పేజీ దాకా పెన్సిలు గీతలున్నాయి, ఆ తర్వాత ఏమీ లేదు. నాకు జాలి వేసిందా అంటే, వేయలేదు. ఆవిడ రబ్బరు తీసుకుని, ఆ గీతలన్నీ ఓపిగ్గా చెరిపేసి, ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్ని పిలిచి, రాజు వేషం నీదని చెప్పి పుస్తకం అతని చేతికిచ్చింది.