చెరువు నిండా నీలం

బెళుగుప్ప దాటి పడమరగా పోతే జంబులదొడ్డి క్రాసు వస్తుంది. ఆ క్రాసులో పెద్దక్క బజ్జీల బండి పెట్టి అప్పటికి పన్నెండేళ్లు. బజ్జీల సంగతి అటుంచండి, ఆమె అసలు పని దారి చెప్పడం. పెండ్లికొచ్చినవాళ్లు, బోరు లారీలవాళ్లు, పశువుల డాక్టరు, చర్చికొచ్చే పాస్టరు, అందరూ బండి ఆపి ఆమెనే అడిగేవాళ్లు. కుడికో ఎడమకో చెప్పి ఊరుకునే మనిషి కాదామె. ఏ వాగువంకలో ఇసుక ఎక్కువుందో, ఎవరి చేనికి కొత్తగా కంచె పడిందో కూడా చెప్పి పంపేది. తను దారి చెప్పినవాడు ఒక్కడూ దారి తప్పలేదని పదిమందికీ తనే చెప్పుకునేది. అందులో సిగ్గుపడేదేముంది?

2009 వచ్చేసరికి అడిగేవాళ్లు తగ్గిపోయారు. దారులన్నీ ఫోన్లలోకి వచ్చేశాయి. అనంతపురం అంగళ్లలో మెమరీ కార్డులోకి మ్యాపు ఎక్కించి ఇస్తారట, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుందట. కార్లవాళ్లు చేతిలో ఫోను చూసుకుంటూ తన ముందు నుంచే పోతుంటే పెద్దక్కకు ఒళ్లు మండేది. కళ్లున్న మనిషి ఎదురుగా ఉంటే ఆ డబ్బాను అడగడమేమిటని గొణుక్కునేది.

ఆ ఏడు ఆగస్టులో ఒక పొద్దున, శెనక్కాయ చేలో కలుపు తీస్తున్న ఆమె తమ్ముడు జాకబ్‌ను నాగుపాము కరిచింది. జాకబ్ కూతురు జాయ్ ఊళ్లోంచి ఫోను చేసింది. ఆస్పత్రి బండి బయలుదేరిందట. పక్కింటి శ్రీరంగప్ప తన ట్రాక్టరు తెచ్చి వాకిట్లో పెట్టాడట. అందులో వేసుకుని రావాల్నా, ఉండాల్నా అని అడిగింది. పెద్దక్క బాణలి కింద మంట ఆర్పి రోడ్డు మీదికొచ్చి నిలబడింది. బండి ఎంతదూరంలో ఉందో చూసి చెప్తానంది.

అంతలోనే తెల్లబండి కనిపించింది. పెద్దక్క చెయ్యి ఊపింది. దాన్ని నడిపే కిరణ్ హిందూపురం వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. వేగం తగ్గించాడు గానీ ఆపలేదు. చెరువులోంచే నేరుగా పొమ్మని ఆమె అరుస్తుంటే, దారి ఉందక్కా అని స్టీరింగు పక్కనున్న ఫోను చూపించి జంబులదొడ్డి బాటలోకి తిప్పాడు. సరైన బాటే. ఊరు అక్కడికి మూడు కిలోమీటర్లు. పెద్దక్క వెంటనే జాయ్‌కి ఫోను చేసింది.

"బండి నన్ను దాటిపోయింది జాయ్. అయిదు నిమిషాల్లో మీ వాకిట్లో ఉంటాది. మీ నాయనను కదిలించొద్దండి. ట్రాక్టర్లో కుదుపులకు విషం పైకెక్కుతాది."

క్రాసుకూ ఊరికీ నడుమ చెరువుంది. చెరువన్నది పేరుకే. 2001లో నిండిందే ఆఖరు. పైన వంక మీద వరసగా చెక్‌డ్యాములు కట్టించి, కొబ్బరికాయలు కొట్టించి, ఫొటోలు దిగిన పెద్దమనుషులు కిందికి చుక్క నీళ్లు రానివ్వలేదు. అప్పటినుంచి కట్ట మీదికెక్కి అవతలికి దిగితే చెరువు నడిమధ్యన బండ్ల బాట. ఆటోలు, ట్రాక్టర్లు, జీపులు అన్నీ అందులోనే పోతాయి. పిల్లలు అందులోనే క్రికెట్ ఆడతారు.

కిరణ్ ఫోనులో మాత్రం ఆ చెరువు నిండుకుండలా ఉంది. బాట కట్ట దగ్గరే ఆగిపోయింది, ఆ పైన అంతా నీలం రంగు. నాలుగడుగులు కట్ట ఎక్కి చూస్తే వాడి సొమ్మేం పోయేది? కట్ట కింద నుంచే కుడికి తిప్పి, ఫోను గీసిన గీత పట్టుకుని, గుంతల దారిలో పదహారు కిలోమీటర్లు చుట్టు తిరిగాడు. మేకలు కాసే చెన్నప్ప అటు కాదని కేకేస్తే అద్దం కూడా దించలేదు.

ఊళ్లో అయిదు నిమిషాలు పదిహేనయ్యాయి. ట్రాక్టరు ఇంజను ఆడుతూనే ఉంది. ఎత్తుదాం పట్టండని శ్రీరంగప్ప రెండుసార్లన్నాడు. అత్త కళ్లారా చూసి చెప్పింది, వచ్చేస్తుందని జాయ్ రెండుసార్లూ ఆపింది. జాకబ్‌కు రెప్పలు వాలిపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చింది, కాసేపటికి అదీ రాలేదు. బండి వాకిట్లోకి వచ్చేసరికి నలభై నిమిషాలు. తిరిగి పోయేటప్పుడు శ్రీరంగప్ప ముందు సీట్లో కూర్చుని చెరువులోనే నడిపించాడు. క్రాసుకు అయిదు నిమిషాలే పట్టింది. అప్పటికే జాకబ్ ఊపిరి ఆగిపోయింది.

మరునాడు జాకబ్ పెట్టెను మోసుకుని అందరూ చెరువులోంచే సమాధుల తోటకు నడిచారు. కిరణ్ కూడా వచ్చాడు. రాకపోయినా అడిగేవాళ్లు లేరు, వచ్చి వెనకాల నడుస్తున్నాడు. చెరువు నడుమ పెద్దక్క ఆగి వెనక్కి తిరిగింది. వంగి దోసిలి నిండా దుమ్ము తీసి అతని మొహం ముందు పట్టింది.

"నీ ఫోన్లో నీళ్లుండాయి గదప్పా. తాగు."

అతను తల దించుకున్నాడు. కట్ట ఎక్కి చూడకపోవడం తనదే తప్పని సన్నగా అన్నాడు. ఆమెకు వినిపించిందో లేదో. ఫోనును తిట్టింది, దాన్ని చేసినవాళ్లను తిట్టింది, మ్యాపు ఎక్కించిన అంగడివాణ్ని, చెక్‌డ్యాముల పెద్దమనుషులను, వాళ్లకు దండలేసిన ఊరినీ తిట్టింది. మోసేవాళ్లు పెట్టె దించి నిలబడ్డారు. తమ్ముణ్ని పోగొట్టుకున్న మనిషి, తిట్టనీ అనుకుని ఎవరూ ఆపలేదు.

జాయ్ ఒక్కతే వచ్చి మోచెయ్యి పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది, కోపం కూడా లేదు అందులో.

"రా అత్తా. ఆయప్ప దారి తెలీక తిరిగినాడు. మేము నీ మాట మీద కూచుంటిమి."

పెట్టె మళ్లీ భుజాలకెక్కింది, జనం కదిలారు. పెద్దక్క దోసిట్లో దుమ్ము అట్లాగే ఉంది. దాన్ని ఇంకెవరి ముందు పట్టాలో ఆమెకు తెలియలేదు.