మూత నీళ్లు

అనకాపల్లి స్టేషన్లో వడలబ్బాయి వస్తే వద్దన్నాను. బెంచీ మీద నా పక్కనున్న పెద్దాయన, "తినవేటి బాబూ?" అన్నాడు. మర్నాడు షుగర్ టెస్టని, రెండు రోజులుగా చోడి అంబలితోనే ఉన్నానని చెప్పాను.

ఆయన సీసా మూతలో నీళ్లు పోసుకుని నాలుక తడుపుకున్నాడు.

"నానూ అంతే. టెస్టుకి ముందు రెండ్రోజులు కడుపు మాడ్సుకునీవోణ్ని. రిపోర్టు సూసి డాక్టరు మెచ్చుకునీవోడు. పదేళ్లు అలాగే గడిపేసేను. కిడ్నీలు పోనాయి. ఇప్పుడు వైజాగెళ్లి రగతం కడిగించుకుంటన్నాను. నీళ్లు కూడా కొలుసుకునే తాగాల."

రైలొచ్చింది. మూత బిగించి వెళ్లిపోయాడు.

మర్నాడు మామూలు టెస్టుతోపాటు మూడు నెలల షుగర్ చెప్పే టెస్టూ చేయించాను. మొదటి రిపోర్టు ఎప్పటిలాగే బాగుంది. రెండోది మా ఆవిడకు ఇప్పటికీ చూపించలేదు.