ఎడమ మూల భూమేశ్

అల్ హైల్ గ్రౌండులో శుక్రవారం సాయంత్రం ఆడే బంతి గుండ్రంగా ఉండదు. కోడిగుడ్డులా ఉంటుంది. నేలకు తగిలితే ఎటు లేస్తుందో దానికే తెలియదు. దాన్ని విసరకూడదు. అరచేతిలో పెట్టుకుని రెండో పిడికిలితో గుద్దాలి, లేదా కాలితో తన్నాలి. ఆ చివర నాలుగు కర్రలు, ఈ చివర నాలుగు. నడిమి రెండు కర్రల మధ్య నుంచి తంతే ఆరు పాయింట్లు. ఆస్ట్రేలియా వాళ్ల ఆట.

భూమేశ్‌ది మెట్‌పల్లి పక్కన పల్లె. ఇరవై దాటి మూడేళ్లు. గల్ఫ్‌కు వచ్చి స్కాఫోల్డింగ్ పని చేస్తున్నాడు. పైపు మీద పైపు బిగించుకుంటూ పైకి పోతుంటాడు. కంపెనీ ఆటల పోటీల్లో అతను పరుగెత్తడం సేఫ్టీ ఆఫీసర్ గ్రెగ్ కంట పడింది. గ్రెగ్ ఆస్ట్రేలియా మనిషి. జట్టు కూడగట్టడానికి మనుషులు దొరక్క తిప్పలు పడుతున్నాడు. ఆ శుక్రవారమే భూమేశ్‌కు చేతుల్లేని జెర్సీ ఇచ్చి గ్రౌండు నడుమ నిలబెట్టాడు. మిడ్‌ఫీల్డ్.

ఆట నడుమనే పుడుతుంది. అంపైర్ బంతిని నేలకేసి కొడతాడు. బంతి లేస్తుంది. దాని కింద మనుషులు లేస్తారు. ఆ ఒక్క క్షణం కోసం భూమేశ్ వారమంతా ఎదురుచూసేవాడు. డ్యూటీలో పైపుల మీద నిలబడ్డా అతని గుండెలో ఆ బంతి లేస్తూనే ఉండేది.

కానీ నడుమ అతనికి కలిసి రాలేదు. అందరూ బంతిని చూస్తే అతను మనుషుల పాదాలు చూసేవాడు. తల ఎత్తేసరికి బంతి పోయేది. తర్వాత బంతి పట్టినవాణ్ని తరిమేవాడు, అందుకునేవాడు, చీలమండ పట్టి కింద పడేసేవాడు. పడేసి, పట్టు విడవకుండా, ఒక చెయ్యి పైకెత్తి అరిచేవాడు:

"ఔట్!"

ఆ ఆటలో ఔట్ లేదు. మోకాలి పైన, భుజం కింద పట్టుకుంటేనే పట్టు. కాలు పట్టుకుంటే తప్పు. విజిల్ మోగేది. బంతి అవతలి వాళ్లకు పోయేది. మొన్నటి ఆటలో అట్లా పోయిన బంతితోనే జట్టు ఓడింది. గ్రెగ్ కోప్పడలేదు. ఇంకొక్కసారి కాలు పట్టుకుంటే బయట కూర్చోవాలని మాత్రం మెల్లగా చెప్పాడు. వచ్చేది సీబ్ జట్టుతో ఆఖరి ఆట.

జట్టును తీసుకొచ్చేది, తీసుకుపోయేది కంపెనీ బస్సు డ్రైవర్ వజీర్. కడప మనిషి, నడివయసువాడు. గ్రెగ్ మాటలు భూమేశ్‌కు, భూమేశ్ మాటలు గ్రెగ్‌కు చేరవేసేది అతనే. ఆట మొదలైందనీ, అయిపోయిందనీ చెప్పేది కూడా అతని బస్సు హారనే.

ఓడిన ఆ రోజు రూమ్‌కు తిరిగిపోతుంటే వజీర్ అద్దంలోకి చూశాడు.

"ఏంరా భూమేశా, వాళ్లేమన్నా నీ అల్లుళ్లా? పీటల మీద కూర్చోబెట్టి కాళ్లు కడిగేటోని మాదిరి పట్టుకుంటివి, ఇడిస్తే గదా!"

"నవ్వకు భాయ్. చెయ్యి దానంతట అదే పోతది."

"చెయ్యి ఊరికే పోతాదా? యాడ నేర్చినావు?"

"ఊర్ల కబడ్డీ ఆడేటోన్ని. ఎడమ మూలకు నిలబడేటోన్ని."

"మూలోని పనేంది?"

"కూతకొచ్చినోని పాదం చూసుడు. మొఖం మోసం జేస్తది, పాదం జెయ్యది. లేవంగనే పట్టుడు."

వజీర్ బస్సు పక్కకు తీసి ఆపాడు.

"ఈ ముక్క గ్రెగ్ సారుకు చెప్పినావా?"

"ఆయన అడగలే."

"ఆయనకు కబడ్డీ అంటే పచ్చడో పులుసో తెల్దు గదరా! ఏమని అడుగుతాడు?"

"చెప్పకు భాయ్, నీకు దండం పెడ్త. చెప్తే ఎన్కకు పంపుతడు. నాకు నడుమనే గావాలె."

వజీర్ నవ్వుకుంటూ బస్సు కదిలించాడు. అంటే చెప్తాడనే అర్థం.

శుక్రవారం, సీబ్ జట్టుతో ఆటకు ముందు, గ్రెగ్ ఎదురొచ్చాడు. మీ ఊళ్లో నీ జాగా ఎక్కడో చూపించమన్నాడు. భూమేశ్ కాళ్లీడ్చుకుంటూ తమ కర్రల దగ్గరికి పోయి ఎడమ మూలన నిలబడ్డాడు. గ్రెగ్ మొహం వెలిగింది. తమ ఆటలోనూ ఆ మూలకు పేరుందన్నాడు. బ్యాక్ పాకెట్.

"జేబంటరా!" అన్నాడు వజీర్. "జారి పడకుండా కూసో."

భూమేశ్ నవ్వలేదు. నడుమ ఇంకెవరో నిలబడ్డారు. హారన్ మోగింది. బంతి లేచింది, ఎక్కడో, దూరంగా. మూలన అతనూ, అతని నీడా.

అతనితోపాటు సీబ్ జట్టు పొడుగాయన ఒకడు. బళ్లో పంతులు. నిలబడితే ఆకాశం సగం కప్పేస్తాడు. గోల్స్ కొట్టేది అతనే.

బంతి ఇటు వచ్చింది. పైన, చాలా పైన. అందరి మెడలూ లేచాయి. భూమేశ్ తల దించాడు. పొడుగాయన భుజం ఎడమకు వంగింది. కుడి మడమ మాత్రం నేల విడిచింది.

కుడికి.

భూమేశ్ అప్పటికే అక్కడున్నాడు. బంతి వచ్చి రొమ్ముకు తగిలింది. రెండు చేతులూ మూసుకున్నాయి. విజిల్ మోగింది. ఈసారి అతని కోసం. తన్నిన బంతిని గాల్లోనే పట్టినవాడిదే బంతి.

"అబ్బో! అబ్బో!" బస్సు పైనుంచి వజీర్ అరుపు.

మళ్లీ వచ్చింది. మళ్లీ పట్టాడు. ఇంకోసారి పిడికిలితో గుద్ది గీత దాటించాడు. పొడుగాయన తన బూట్లకేసి అనుమానంగా చూసుకున్నాడు. భూమేశ్‌కు ఒళ్లంతా వేడెక్కింది. నడుమ ఆడిన ఆటల్లో ఒక్కదానిలోనూ అతనికి ఆట ఇంత స్పష్టంగా కనిపించలేదు.

ఆట అయిపోవచ్చింది. తాము నాలుగు పాయింట్లు పైన. ఒక్క గోల్ పడితే అంతా పోతుంది. బంతి నేల మీద దొర్లి అడ్డంగా లేచి పొడుగాయన చేతిలో పడింది. అతను కర్రల కేసి దూసుకుపోయాడు. వెనక భూమేశ్. ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గర, చీలమండ. ఊళ్లో ఎన్ని సాయంత్రాలు పట్టాడో అలాంటిది.

చెయ్యి పోయింది.

సగం దారిలో ఆగింది. ఇంకో అడుగు వేశాడు. ఊపిరి తెగేంత అడుగు. రెండు చేతులూ నడుము చుట్టూ పడ్డాయి. ముడిపడ్డాయి. ఇద్దరూ కలిసి కూలారు. బంతి పొడుగాయన పొట్ట కింద చిక్కుకుపోయింది. తన్నలేడు. గుద్దలేడు.

విజిల్.

భూమేశ్ చెయ్యి పైకి లేచింది. "ఔట్!"

అంపైర్ నవ్వి అతని వైపే వేలు చూపాడు. పట్టుబడ్డవాడు బంతి విడవకపోతే, పట్టినవాడిదే బంతి. భూమేశ్ లేచి, వెనక్కి నడిచి, ఉన్న బలమంతా పెట్టి తన్నాడు. బంతి తిరుగుతూ నడుమకు పోయింది. అది కింద పడకముందే హారన్ మోగింది. మోగుతూనే ఉంది. వజీర్ చెయ్యి తియ్యడం లేదు.

ఇంకా కిందే ఉన్న పొడుగాయన భూమేశ్ చెయ్యి పట్టుకుని లేచాడు. "నా కాలు ఎందుకు వదిలేశావు?" అని హిందీలో అడిగాడు.

"పట్టనియ్యరు సార్," అన్నాడు భూమేశ్.

పై శుక్రవారం ఉత్త ఆట, ప్రాక్టీసు. గ్రెగ్ నడుమను చూపించి, కావాలంటే రమ్మన్నాడు. భూమేశ్ ఆగాడు. నడుమను చూశాడు, కాసేపు. తర్వాత ఎడమ మూలకు నడిచాడు. వంగి నేలను తాకి, వేళ్లు కళ్లకద్దుకున్నాడు. బూటు మొనతో చిన్న గీత గీశాడు.

"ఏంరా, జేబులోకేనా?" బస్సులోంచి వజీర్.

"ఔ భాయ్. హారన్ కొట్టు."