మా అన్న ఇచ్చిన నెత్తురు

నా రాత కోడి గీకినట్టు ఉంటుంది, చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకొని చదవండి. మా పెద్దన్న పోయి ఇరవై రోజులు. దేవరుప్పులలో, పొద్దున్నే బర్రెకు గడ్డి వేస్తూ కూలిపోయాడు.

నాయిన చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆయనే. వాగు దాటించి బడికి భుజాల మీద మోసుకుపోయేవాడు. మేడారం జాతరలో ఇంటిల్లిపాది తరఫున ఆయనే తక్కెడలో కూర్చుని తన బరువుకు సరిపడా ఎత్తు బెల్లం తూయించి అమ్మలకు మొక్కు చెల్లించేవాడు. "పెద్దోడు ఒక్కడు కూసుంటె సాలు రా, మొక్కు అందరికి తాకుతది" అనేవాడు.

పొలం గట్టు ఎక్కుతూ మధ్యలో ఆగి చెప్పు విప్పి దులిపేవాడు.

"ఏందన్నా, ఊళ్ళె ముండ్లన్ని నీ చెప్పునే ఏరుకుంటయా?"

"నువ్వు నడువ్. నేనొస్త."

చెప్పులో ముల్లు ఉండేది కాదు. ఊపిరందక ఆగేవాడని ఇప్పుడు తెలిసింది.

మూడేళ్ళ కింద హైదరాబాద్ దవాఖానకు పోయి వచ్చి, గ్యాస్ అన్నాడు. నమ్మాను. నిరుడు నా కొడుకు జనగామ మార్కెట్లో వడ్ల బస్తా ఎత్తుతూ అక్కడే పోయాడు. శవం పక్కన అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "మన రాత. ఎవల్ని అంటం రా" అన్నాడు.

అన్న పదకొండో రోజున ఆ హైదరాబాద్ దవాఖాన నుంచి ఒక డాక్టరమ్మ ఆయన కోసం ఫోన్ చేసింది. పోయాడని చెప్పాను. ఎట్లా పోయాడో అడిగి తెలుసుకుంది.

"మీరు తమ్ముడా? పరీక్ష చేయించుకున్నారా?"

"ఏం పరీక్షమ్మా?"

అప్పుడు చెప్పింది. మా వంశంలో గుండె కండ మందం కట్టే జబ్బు ఉందట. బరువెత్తినా, పరిగెత్తినా ఉన్నట్టుండి గుండె ఆగిపోవచ్చట. మూడేళ్ళ కింద అన్న ఇచ్చిన నెత్తురులోని కణాలను, ఏ కణంగానైనా ఎదిగే మూలకణాలుగా మార్చి, వాటి నుంచి గుండె కణాలు పెంచారట. అవి ఎందుకు తప్పుగా కొట్టుకుంటాయో, ఏ మందుకు కుదురుకుంటాయో చూస్తున్నారట.

"మీ అందర్నీ తీసుకురమ్మని ఎన్నోసార్లు చెప్పాం. 'మా తమ్మునికి చెప్పిన, వస్తడు' అనేవారు."

నాకు చెప్పలేదు. వదినను అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనిచ్చిన గద, ఇంటోళ్ళందరికి తాకుతది అన్నడయ్యా. నువ్వు పరేషాన్ అయితవని నా నోరు కట్టేసిండు."

దవాఖానలో ఇచ్చిన నెత్తురును కూడా జాతర బెల్లం అనుకున్నాడు. ఒక్క మాట చెప్పి ఉంటే నా కొడుకును ఆ బస్తా ఎత్తనిచ్చేవాణ్ని కాదు. నన్ను మోసిన ఆ భుజమే నా కొడుకు పాడె మోసింది. అప్పుడన్నా నోరు తెరవలేదు. ఆయన పెట్టిన బువ్వ తిని పెరిగినవాణ్ని, తిట్టలేను. మరిచిపోనూ లేను.

పరీక్ష చేయించుకుంటే నా గుండె కూడా మందమేనట. కొడుకు బిడ్డ మహబూబాబాద్ హాస్టల్లో చదువుతుంది, పరుగు పందేల్లో ముందుంటుంది. పరుగు ఆపించి ఇంటికి తీసుకొచ్చాం. సోమవారం దానికి గుండె స్కానింగ్.

డాక్టరమ్మ ఫోన్లో వీడియో పంపింది. అన్న నెత్తురు నుంచి పెంచిన గుండె కణాలట, గింజంత ముద్ద, కొట్టుకుంటోంది.

"పెద్దతాతనా, తాతా?" అంది పిల్ల.

"ఆయనే బిడ్డా."

రెండుసార్లు కొట్టుకుని ఆగుతుంది. మళ్ళీ కొట్టుకుంటుంది. గట్టు మీద ఆయన ఆగినట్టే.

రేగొండ, మహదేవపూర్ దిక్కున్న మా పాలోళ్ళారా, మా ఇంటిపేరు వాళ్ళందరూ ఇది చదవండి. పరామర్శకు రావద్దు. గట్టెక్కుతూ చెప్పు దులిపేవాళ్ళు మీ ఇంట్లో ఉంటే పొద్దు పోనీయకండి. పిల్లలతో సహా గుండె చూపించుకుని, చూపించుకున్నామని ఒక్క ముక్క నాకు జల్దీ రాయండి.